మొరాకో ఆడుతున్నది వట్టి రక్షణ ఆటేనా? (ఖతార్ ప్రపంచకప్ 2022)

ఎడమ వింగ్ | 11 డిసెంబర్ 2022, ఉదయం 9:10

నిన్న రాత్రి అల్ తుమామా స్టేడియంలో పోర్చుగల్‌ను 1-0తో ఓడించి మొరాకో సెమీఫైనల్‌కు చేరింది. ప్రపంచకప్ చరిత్రలో ఇంతదూరం వచ్చిన తొలి ఆఫ్రికా జట్టు ఇదే. 1990లో కామెరూన్, 2002లో సెనెగల్, 2010లో ఘనా క్వార్టర్ ఫైనల్ గడప దాటలేకపోయాయి. అయినా ఉదయం నుంచి నేను చదువుతున్న వ్యాఖ్యల్లో సగానికి సగం ఒకే మాట అంటున్నాయి: పదిమందీ వెనక్కి వెళ్లి గోల్ ముందు నిలబడ్డారు, అదృష్టం కలిసొచ్చింది, గట్టెక్కారు అని. ఈ మాట ఆ జట్టుకు అన్యాయం చేస్తుందని నా అభిప్రాయం.

ఈ టోర్నీలో ఐదు మ్యాచ్‌లు ఆడిన మొరాకోపై నమోదైన గోల్ ఒక్కటే. అది కూడా కెనడాతో మ్యాచ్‌లో మొరాకో డిఫెండర్ నాయెఫ్ అగ్వెర్ద్ కాలికి తగిలి సొంత గోల్‌లోకి వెళ్లిన బంతి. అంటే క్రొయేషియా, బెల్జియం, కెనడా, స్పెయిన్, పోర్చుగల్ ఆటగాళ్లలో ఒక్కరు కూడా గోల్‌కీపర్ యాసిన్ బూనూను గానీ, బెల్జియం మ్యాచ్‌లో అతనికి ఒంట్లో బాగోలేక చివరి నిమిషంలో దిగిన మునీర్‌ను గానీ దాటించి గోల్ కొట్టలేకపోయారు. ఇది అదృష్టంతో ఒకరోజు జరగవచ్చు, ఐదు మ్యాచ్‌లలో జరగదు. వెనుక నలుగురి వరుసకూ, మధ్య వరుసకూ నడుమ ఖాళీ పెరగకుండా చూసుకోవడం, ఆ ఖాళీలో సోఫియాన్ అమ్రాబత్ కాపు కాయడం, ప్రత్యర్థి అంచుల వైపు వెళ్తే ముందు వరుసలో ఆడే జియెచ్, బూఫాల్ కూడా వెనక్కి పరుగెత్తి తమ ఫుల్‌బ్యాక్‌లకు (అంచుల్లో ఆడే డిఫెండర్లకు) తోడు నిలవడం, ఇవన్నీ శిక్షణలో పదేపదే సాధన చేస్తే తప్ప రావు. సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలనుంది. బుధవారం అర్ధరాత్రి దాటాక ఫ్రాన్స్‌తో సెమీఫైనల్ ఉంది కాబట్టి ఆ మ్యాచ్ గురించి కూడా ఇక్కడే మాట్లాడుకుందాం.


స్పెయిన్ పక్షం | 11 డిసెంబర్ 2022, ఉదయం 10:25

ఎడమ వింగ్ గారూ, మొరాకో క్రమశిక్షణను నేను తక్కువ చేయడం లేదు. కానీ స్పెయిన్‌తో ఆడిన ప్రీక్వార్టర్స్‌ను మీరు లెక్కలోకి తీసుకున్న తీరుతో ఏకీభవించలేను. ఆ రోజు స్పెయిన్ వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చింది. 120 నిమిషాలు గడిచినా ఎవరూ గోల్ కొట్టలేదు. ఎక్స్‌ట్రా టైమ్ ఆఖరి క్షణాల్లో సరాబియా కొట్టిన బంతి గోల్‌పోస్ట్‌ను తాకి బయటికి వెళ్లింది. అది నాలుగు వేళ్లు లోపలికి వచ్చి ఉంటే మనం ఈ రోజు ఈ చర్చే పెట్టేవాళ్లం కాదు. ఆ తర్వాత పెనాల్టీ షూటౌట్‌లో అదే సరాబియా మళ్లీ పోస్ట్‌కు కొట్టాడు, సోలర్, బుస్కెట్స్‌ల కిక్‌లను బూనూ ఆపాడు, మొరాకో 3-0తో గెలిచింది.

నా బాధ ఒక్క స్పెయిన్ ఓటమి గురించి కాదు. బంతిని తన దగ్గర ఉంచుకుని, ఖాళీలు వెతికి, ఆటను నిర్మించే జట్టు మీద, ఎదుటివారి ఆటను ఆపడమే పనిగా పెట్టుకున్న జట్టు గెలిచినప్పుడు మనం ఆ రెండోదాన్ని ఆదర్శంగా చూపించడం మొదలుపెడతాం. రేపు ప్రతి చిన్న జట్టూ ఇదే దారి పట్టవచ్చు. 2010లో స్పెయిన్ గెలిచిన తర్వాత ఎంతమంది పిల్లలు పాసింగ్ నేర్చుకోవాలని ఉత్సాహపడ్డారో మీకూ గుర్తుండే ఉంటుంది.


వరంగల్ నంబర్ 6 | 11 డిసెంబర్ 2022, ఉదయం 11:40

స్పెయిన్ పక్షం గారికి ఒక ప్రశ్న. ఆ వెయ్యి పాస్‌లలో ఎన్ని మొరాకో పెనాల్టీ బాక్స్‌లోకి వెళ్లాయి? మీరు ఆ మ్యాచ్ మళ్లీ చూస్తే, పెడ్రి, గావి, బుస్కెట్స్ బంతిని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు తిప్పుతూనే ఉండడం, అమ్రాబత్ ఎదుట ఆ బంతి తిరిగి వెనక్కి వెళ్లిపోవడం కనిపిస్తుంది. ఆటను నిర్మించడం అంటే అది కాదని నేను అనుకుంటున్నాను. కోస్టారికా మీద ఏడు గోల్స్ కొట్టిన అదే జట్టు, జపాన్ చేతిలో 2-1తో ఓడింది, మొరాకో ముందు గోల్ లేకుండా మిగిలింది. బంతిని ఎక్కువసేపు అట్టిపెట్టుకున్న జట్టే మంచి ఆట ఆడినట్టు అనుకుంటే జపాన్ గెలుపును కూడా పొరపాటున జరిగిందనే అనాలి. ఆ మ్యాచ్‌లో జపాన్ దగ్గర బంతి ఐదో వంతు సమయం కూడా లేదు.

పెనాల్టీల విషయానికి వస్తే, ప్రపంచకప్‌కు వచ్చేలోగా ఒక్కొక్కరు కనీసం వెయ్యి పెనాల్టీలు సాధన చేసి రావాలని తన ఆటగాళ్లకు ముందే చెప్పానని స్పెయిన్ కోచ్ లూయిస్ ఎన్రికే స్వయంగా అన్నారు. కాబట్టి ఆయన కూడా షూటౌట్‌ను లాటరీగా చూడలేదు. మాడ్రిడ్‌లో పుట్టి పెరిగిన అష్రఫ్ హకీమి చివరి కిక్‌ను గోల్ మధ్యలోకి మెల్లగా ఎత్తి వేసిన తీరులో అదృష్టం ఎక్కడుందో నాకు కనిపించలేదు. గోల్‌కీపర్ ఒక పక్కకు దూకుతాడని లెక్క కట్టుకున్న ఆటగాడు మాత్రమే అలా కొట్టగలడు.


దోహా నివాసి | 11 డిసెంబర్ 2022, మధ్యాహ్నం 2:05

నేను నిన్న అల్ తుమామాలో పై వరుసల్లో కూర్చుని మ్యాచ్ చూశాను. టీవీలో కెమెరా బంతి వెంట వెళ్తుంది కనుక మొరాకో ఆటలోని అసలు పని పూర్తిగా తెలియదని నాకు అనిపించింది. పై నుంచి చూస్తే పది మంది ఎర్ర చొక్కాలు ఒకే తాడుకు కట్టినట్టు కదిలాయి. బంతి బ్రూనో ఫెర్నాండెజ్ దగ్గరికి వచ్చిందంటే వరుస మొత్తం అటు జరిగేది, బంతి అవతలి అంచుకు మారిందంటే అంతే వేగంగా ఇటు వచ్చేది. కెప్టెన్ రొమేన్ సైస్ తొడకు కట్టు కట్టుకుని ఆడుతున్నాడు. ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి చెయ్యెత్తి వరుసను ముందుకు రమ్మని పిలుస్తూనే ఉన్నాడు. రెండో సగంలో అతన్ని స్ట్రెచర్ మీద బయటికి తీసుకువెళ్లారు. అప్పటికే అగ్వెర్ద్ గాయంతో లేడు, ఎడమ ఫుల్‌బ్యాక్ మజ్రావీ లేడు. సైస్ వెళ్లాక వెనుక నలుగురిలో హకీమి ఒక్కడే అసలైన మొదటి జట్టు ఆటగాడిగా మిగిలాడు. అయినా వరుస చెదరలేదు.

గోల్ గురించి కూడా చెప్పాలి. 42వ నిమిషంలో మజ్రావీ బదులు ఆడుతున్న అతియత్ అల్లా ఎడమ నుంచి క్రాస్ వేశాడు. పోర్చుగల్ కీపర్ డియోగో కోస్టా ముందుకు వచ్చాడు, రూబెన్ డయాస్ కూడా అక్కడే ఉన్నాడు. యూసెఫ్ ఎన్-నెసిరి ఆ ఇద్దరి కన్నా పైకి లేచి తల ఆనించాడు. ఆ క్షణంలో స్టేడియంలో పుట్టిన హోరు గురించి నేను వేరే చెప్పనక్కరలేదు, కానీ మిగతా సమయంలో వినిపించిన ఈలల గురించి చెప్పాలి. పోర్చుగల్ కాళ్లకు బంతి చేరిన ప్రతిసారీ వేలమంది ఈలలు వేశారు. వేరే దేశంలో జరుగుతున్న మ్యాచ్ సొంత మైదానంలో మ్యాచ్‌లా మారిపోయింది. ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెట్టిన పెద్ద తెర దగ్గర చూసిన మా నిజామాబాద్, జగిత్యాల మిత్రులు కూడా అక్కడ నేపాలీలు, బంగ్లాదేశ్ వారు, మనవారు అందరూ మొరాకో పక్షానే ఉన్నారని చెప్పారు.


సికింద్రాబాద్ పాత ఆటగాడు | 11 డిసెంబర్ 2022, సాయంత్రం 6:50

ఈ చర్చ చదువుతుంటే నాకు సయ్యద్ అబ్దుల్ రహీం గారు గుర్తుకు వస్తున్నారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించి, భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తీసుకువెళ్లిన కోచ్ ఆయన. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాతో ఆడినప్పుడు, తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపారు. అతను గోల్ కొట్టాడు, భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. ఆ రోజు గోల్ కాచిన పీటర్ తంగరాజ్ మన హైదరాబాద్‌లో పుట్టినవాడే. ఉన్న ఆటగాళ్లు ఎవరు, వారి ఒంట్లో ఎంత సత్తా మిగిలింది, ఎదుటివారి బలం ఎక్కడుంది అని చూసుకుని పథకం వేసిన కోచ్‌ను పిరికి ఆట ఆడించాడని ఎవరూ అనలేదు.

మొరాకో కోచ్ వాలిద్ రెగ్రాగీ చేస్తున్నది కూడా అదే పని. ఆయన ఈ బాధ్యత తీసుకున్నది ఆగస్టు ఆఖరున, అంటే ప్రపంచకప్‌కు మూడు నెలల ముందు. అంతకు ముందు కోచ్ హలిల్‌హోజిచ్‌తో పొసగక జట్టుకు దూరమైన జియెచ్, మజ్రావీలను వెనక్కి పిలిచి, వారిచేత ఈ కష్టమంతా చేయిస్తున్నారు. జియెచ్ వంటి స్వేచ్ఛగా ఆడే ఆటగాడు తన బాక్స్ దాకా వచ్చి టాకిల్ చేయడం నేను ఇంతకు ముందు చూడలేదు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఇదే.


ఎడమ వింగ్ | 12 డిసెంబర్ 2022, ఉదయం 8:30

పెద్దలు చెప్పినదానికి ఒక విషయం చేర్చాలి. ఇది మూడు నెలల్లో గాలిలోంచి ఊడిపడిన జట్టు కాదు. 26 మందిలో 14 మంది మొరాకో బయట పుట్టినవారు. హకీమి స్పెయిన్‌లో, జియెచ్, అమ్రాబత్, మజ్రావీలు నెదర్లాండ్స్‌లో పుట్టారు. వారిని తల్లిదండ్రుల దేశం తరఫున ఆడేలా ఒప్పించే ప్రయత్నం ఏళ్ల తరబడి సాగింది. ఇంకోపక్క ఎన్-నెసిరి, అగ్వెర్ద్, ఉనాహి ముగ్గురూ 2009లో సలే దగ్గర స్థాపించిన మహమ్మద్ VI అకాడమీలో తయారైనవారు. ఈ అజ్జెదిన్ ఉనాహిని గమనించండి. స్పెయిన్ మ్యాచ్ అయ్యాక లూయిస్ ఎన్రికే ప్రత్యేకంగా మెచ్చుకున్న 8వ నంబర్ ఆటగాడు ఇతనే. మొరాకో బంతిని లాక్కున్నాక, ముగ్గురు చుట్టుముట్టినా దాన్ని పోగొట్టుకోకుండా ముప్పై గజాలు మోసుకుపోయి మిగతావారు ఊపిరి పీల్చుకునే వీలు కల్పించేది అతనే. వట్టి రక్షణ ఆట ఆడే జట్టుకు అలాంటి ఆటగాడితో పనిలేదు.


గచ్చిబౌలి నుంచి | 12 డిసెంబర్ 2022, రాత్రి 9:15

ఇక సెమీఫైనల్ సంగతికి వద్దాం. నేను ఫ్రాన్స్ అభిమానిని. పోగ్బా, కాంటే, బెంజెమా లేకుండా ఇక్కడిదాకా వచ్చిన మా జట్టును తక్కువ అంచనా వేయవద్దని కోరుతున్నాను. అందరూ ఎంబాపె, హకీమి పోరు గురించే మాట్లాడుతున్నారు. ఇద్దరూ పారిస్ క్లబ్‌లో కలిసి ఆడే స్నేహితులు కాబట్టి ఆ మాట సహజమే. కానీ ఈ మ్యాచ్‌ను తేల్చేది గ్రీజ్‌మన్ అని నా అంచనా. కోచ్ డెషాంప్స్ అతన్ని మిడ్‌ఫీల్డ్‌లోకి దించాక, వెనుక బంతి లాక్కోవడం దగ్గరనుంచి ముందు ఆఖరి పాస్ ఇవ్వడం దాకా అన్నీ అతనే చూసుకుంటున్నాడు. ఇంగ్లండ్ మీద రెండు గోల్స్‌కూ బంతి అతని కాలి నుంచే వెళ్లింది. అమ్రాబత్ ఒక్కడు అతన్ని వెంటాడితే మధ్యలో ఖాళీ తెరుచుకుంటుంది.

ఫ్రాన్స్‌కు కూడా ఒక బలహీనత ఉంది. ఎంబాపె వెనక్కి రాడు. ఆ ఎడమ వైపు థియో హెర్నాండెజ్ ఒంటరిగా మిగులుతాడు. హకీమి, జియెచ్ ఇద్దరూ కలిసి అటు దూసుకువస్తే మాకు కష్టమే.


స్పెయిన్ పక్షం | 13 డిసెంబర్ 2022, ఉదయం 10:00

నా ఆక్షేపణ ఇక్కడే ఉంది. ఇంతవరకు మొరాకో ఒక్క మ్యాచ్‌లో కూడా వెనుకబడలేదు. 0-0గా ఉన్నప్పుడు, 1-0తో ముందున్నప్పుడు ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే తొందరపడవలసింది ఎదుటి జట్టే. ఫ్రాన్స్ మొదటి పావుగంటలో గోల్ కొడితే అప్పుడు మొరాకో బంతిని తీసుకుని ఆట కట్టవలసి వస్తుంది. అప్పుడు ఏం చేస్తారో చూశాకే ఇది సంపూర్ణమైన జట్టా కాదా అన్నది తేల్చగలం.


సికింద్రాబాద్ పాత ఆటగాడు | 13 డిసెంబర్ 2022, రాత్రి 8:20

న్యాయమైన ప్రశ్న. నన్ను ఎక్కువగా భయపెడుతున్నది మాత్రం గాయాలు. సైస్, అగ్వెర్ద్, మజ్రావీ ముగ్గురూ పూర్తిగా కోలుకోకుండా దిగితే, ఫ్రాన్స్ వేగానికి తట్టుకోవడం కష్టం. సగం కోలుకున్న మొదటి జట్టు ఆటగాడికన్నా, పోర్చుగల్ మీద నిలబడి ఆడిన ఎల్ యామిక్, అష్రఫ్ దారి, అతియత్ అల్లా నయమని నా సలహా.


దోహా నివాసి | 15 డిసెంబర్ 2022, మధ్యాహ్నం 12:30

ఫ్రాన్స్ 2, మొరాకో 0. టికెట్ దొరకలేదు కాబట్టి అల్ బైత్‌కు వెళ్లలేకపోయాను, మిత్రులతో కలిసి తెర మీద చూశాను. పాత ఆటగాడు గారు భయపడినదంతా జరిగింది. అగ్వెర్ద్ పేరు జట్టు పట్టికలో ఉంది, వార్మప్‌లో వెనుదిరిగాడు, అతని బదులు అష్రఫ్ దారి వచ్చాడు. సైస్ 21వ నిమిషంలో బయటికి వెళ్లాడు. మజ్రావీ విరామం తర్వాత రాలేదు.

ఐదో నిమిషంలో వరాన్ ఇచ్చిన పాస్‌ను ఎల్ యామిక్ అడ్డుకోలేకపోయాడు. బంతి గ్రీజ్‌మన్‌కు చేరింది, అతను వెనక్కి తీసి ఎంబాపెకు ఇచ్చాడు, ఎంబాపె షాట్ డిఫెండర్‌కు తగిలి గాలిలోకి లేచింది, దూరపు పోస్ట్ దగ్గర థియో హెర్నాండెజ్ కాలు పైకెత్తి దాన్ని గోల్‌లోకి తోశాడు. ఈ టోర్నీలో ప్రత్యర్థి ఆటగాడు మొరాకోపై కొట్టిన మొదటి గోల్ అది.


వరంగల్ నంబర్ 6 | 15 డిసెంబర్ 2022, సాయంత్రం 5:45

రెగ్రాగీ అంటే నాకు గౌరవం. అయినా ఐదుగురు డిఫెండర్లతో మొదలుపెట్టిన నిర్ణయం నాకు నచ్చలేదు. ఐదు మ్యాచ్‌లలో నలుగురి వరుసతో అలవాటు పడిన జట్టు సెమీఫైనల్‌లో కొత్త అమరికకు మారింది, దానికి కేంద్రంగా పెట్టుకున్న సైస్ పరుగెత్తే స్థితిలోనే లేడు. 17వ నిమిషంలో ఒక పొడవు పాస్‌ను వెంటాడిన జిరూడ్‌ను అతను అందుకోలేకపోవడం, ఆ షాట్ పోస్ట్‌కు తగలడం చూశాక మార్పు తప్పదని అందరికీ అర్థమైంది. అతని స్థానంలో మిడ్‌ఫీల్డర్ అమల్లాను దింపి పాత అమరికకు తిరిగి వచ్చిన తర్వాతే మొరాకో మొరాకోలా ఆడింది.

అక్కడినుంచి చివరిదాకా చూసినవారు ఈ జట్టుకు ఆట కట్టడం రాదని అనలేరు. ఉనాహి దూరం నుంచి కొట్టిన షాట్‌ను అంతకు ముందే ఫ్రాన్స్ గోల్‌కీపర్ లోరిస్ కష్టపడి ఆపాడు. విరామానికి ముందు ఎల్ యామిక్ వెనక్కి తిరిగి గాలిలో కొట్టిన కిక్ లోరిస్ వేళ్లకు, పోస్ట్‌కు తగిలి తిరిగి వచ్చింది. రెండో సగంలో బంతి మొరాకో దగ్గరే ఎక్కువగా ఉంది, ఫ్రాన్స్ డిఫెండర్ కొనాతే గనుక ప్రతి క్రాస్‌కూ అడ్డుపడకపోయి ఉంటే స్కోరు సమమయ్యేది.


గచ్చిబౌలి నుంచి | 15 డిసెంబర్ 2022, రాత్రి 8:10

అంగీకరిస్తున్నాను. ఫ్రాన్స్ అభిమానిగా ఆ రెండో సగం నాకు చాలా పొడుగ్గా గడిచింది. గమనించారో లేదో, హకీమి, జియెచ్‌లు థియో వైపు పదేపదే వస్తుండడంతో 65వ నిమిషంలో డెషాంప్స్ జిరూడ్‌ను తీసేసి తురామ్‌ను ఎడమ వైపు నిలబెట్టారు, ఎంబాపెను మధ్యలోకి పంపారు. తురామ్ వెనక్కి పరుగెత్తి హకీమిని కాచాడు, ఎంబాపెకు బాక్స్ దగ్గర చోటు దొరికింది. 79వ నిమిషంలో అతనే ముగ్గురి మధ్య నుంచి బంతిని లాగి కొట్టాడు, అది దారి మళ్లి అప్పుడే మైదానంలోకి వచ్చిన కోలో మువానీ ముందు పడింది. వచ్చి నిమిషం కూడా కాలేదు, తొలి స్పర్శకే గోల్. దానికి కొద్ది నిమిషాల ముందే మొరాకో ఫార్వర్డ్ హమ్దల్లాకు బాక్స్‌లో చక్కని అవకాశం వచ్చింది, వెంటనే కొట్టకుండా ఇంకొకరిని తప్పించాలని చూసి పోగొట్టుకున్నాడు. రెండు జట్ల తేడా అంతా అక్కడుంది. ఫ్రాన్స్‌కు వచ్చిన అవకాశాలు తక్కువ, వాటిని వాడుకునే నేర్పు ఎక్కువ.


కృష్ణాతీరం | 15 డిసెంబర్ 2022, రాత్రి 10:40

రెఫరీ విషయం ఎవరూ ఎత్తలేదు. బూఫాల్, థియో హెర్నాండెజ్ బాక్స్‌లో ఢీకొన్నప్పుడు మొరాకోకు పెనాల్టీ రావలసిందని నా అభిప్రాయం. పెనాల్టీ ఇవ్వకపోగా మెక్సికో రెఫరీ రామోస్ బూఫాల్‌కే పసుపు కార్డు చూపించారు. వీడియో రిఫరీలు కూడా పిలవలేదు. మొరాకో సమాఖ్య ఫిఫాకు నిరసన లేఖ పంపింది. 1-1 అయి ఉంటే ఆట మరోలా సాగేది.


సికింద్రాబాద్ పాత ఆటగాడు | 16 డిసెంబర్ 2022, ఉదయం 7:30

కృష్ణాతీరం గారూ, నేను ఆ ఘటనను నాలుగైదు కోణాల్లో చూశాను. ఇద్దరూ బంతి కోసం వచ్చారు, ఇద్దరి కాళ్లూ తగిలాయి. పెనాల్టీ ఇచ్చి ఉంటే నేను తప్పుపట్టేవాడిని కాదు, కానీ బూఫాల్‌కు కార్డు చూపించడం మాత్రం సమర్థించలేను. అయినా ఓటమికి దాన్ని కారణంగా నిలబెడితే ఈ జట్టు చేసిన పని చిన్నబోతుంది. వెనుక వరుసలో ముగ్గురు దెబ్బతిని, వెనుకబడిన స్కోరుతో, ప్రపంచ ఛాంపియన్‌ను గంటకు పైగా వారి సగంలోనే ఆడేలా చేశారు. స్పెయిన్ పక్షం గారు అడిగిన ప్రశ్నకు సమాధానం అదే అనుకుంటాను.


స్పెయిన్ పక్షం | 16 డిసెంబర్ 2022, ఉదయం 9:55

సగం సమాధానం దొరికిందని ఒప్పుకుంటాను. బంతి కాళ్లకు వచ్చినప్పుడు మొరాకో తడబడలేదు. ఉనాహి, అమ్రాబత్‌లు మధ్యలో ఆడిన ఆట స్పెయిన్ మిడ్‌ఫీల్డ్ ఆడి ఉంటే నేను పండగ చేసుకునేవాణ్ణి. కానీ మిగతా సగం మిగిలే ఉంది. వెనుకబడ్డ మ్యాచ్‌లో గోల్ చేయగలగాలి. దానికి ఎన్-నెసిరి ఒక్కడు చాలడు, అతనికి బంతి అందే దారులు క్రాస్‌లు మాత్రమే అయితే కొనాతే వంటి పొడగరి డిఫెండర్ వాటిని తీసేస్తూనే ఉంటాడు. మధ్య నుంచి చొచ్చుకుపోయే రెండో స్ట్రయికర్ కావాలి. వచ్చే ప్రపంచకప్‌లోగా రెగ్రాగీ ఆ లోటు పూడ్చుకుంటే నేను మళ్లీ ఇక్కడ ఈ ఆక్షేపణ రాయను.


ఎడమ వింగ్ | 18 డిసెంబర్ 2022, ఉదయం 8:15

నిన్న ఖలీఫా స్టేడియంలో మూడో స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో క్రొయేషియా 2-1తో మొరాకోను ఓడించింది. ఏడో నిమిషంలో గ్వార్డియోల్ కొట్టాడు, తొమ్మిదో నిమిషంలో దారి తలతో సమం చేశాడు, విరామానికి ముందు ఓర్షిచ్ కొట్టిన బంతి పోస్ట్‌ను తాకి లోపలికి వెళ్లింది. సెమీఫైనల్‌లో గాయాలవల్ల దిగిన దారియే మొరాకో గోల్ కొట్టినందుకు నాకు సంతోషంగా ఉంది. స్పెయిన్ పక్షం గారు చెప్పిన లోటు ఈ మ్యాచ్‌లోనూ కనిపించింది. రెండో సగంలో ఎన్-నెసిరికి రెండు అవకాశాలు వచ్చినా సమం చేయలేకపోయారు. రెండో స్ట్రయికర్ అవసరమే, కానీ అతనికి చోటిచ్చేందుకు ఉనాహిని పక్కన పెడితే మాత్రం నేను ఒప్పుకోను.

ఈ సాయంత్రం లుసైల్‌లో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్ ఉంది. సౌదీ అరేబియా చేతిలో ఓడిన రోజు నుంచి అర్జెంటీనా కోచ్ స్కలోనీ జట్టులో చేసిన మార్పుల గురించి వేరే చర్చ మొదలుపెడుతున్నాను, సభ్యులు అక్కడికి రావలసిందిగా కోరుతున్నాను.